నాలుగో పోర్షన్

"ఆ పరుపు ఎవరిదప్పా?"

ప్రొద్దుటూరు బస్టాండులో ఏడుంబావుకు కదలాల్సిన పులివెందుల బస్సు జనంతో కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి సోమవారం పొద్దున ఈ బస్సులో కాలు మోపడానికి సందు ఉండడం లేదు. అట్లాంటి బస్సులో, ముగ్గురు కూర్చునే సీట్లో, కిటికీ పక్కన, చుట్ట చుట్టిన పరుపొకటి దర్జాగా కూర్చోనుంది.

"నాదే మేడమ్." పరుపు వెనక నుంచి ఒక తల బయటికొచ్చింది.

"తీసి వెనకాల పెట్టు. లగేజీ టికెట్ కొట్టాల."

"మెత్తటి సరుకు మేడమ్, ఎవురికీ గుచ్చుకోదు. మనిషి లెక్కన గమ్మున కూర్చోనుంది."

"మనిషి లెక్కన కూర్చుంటే మనిషి టికెట్టే కొడతా."

"అయితే జీరో టికెట్ కొట్టండి. ఇది ఆడ పరుపు."

బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి చాపింది.

"ఆధార్ కార్డు చూపించు."

"నాదా?"

"పరుపుది."

ఈసారి డ్రైవరు నారాయణ కూడా స్టీరింగు మీద తల పెట్టి నవ్వినాడు. పరుపు మనిషి తన టికెట్టు, లగేజీ టికెట్టు రెండూ కొనుక్కొని, పరుపును భుజాన వేసుకొని వెనక్కి పోయినాడు. పోతా పోతా ఒకసారి తిరిగి చూసినాడు. కండక్టరమ్మ పెదాలు బిగించి ఉన్నాయి గానీ, టికెట్ మిషన్ నొక్కే వేలు వణుకుతాంది. నవ్వు ఆపుకునేవాళ్ల వేలు అట్లనే వణుకుతాది. అది అతనొక్కడే చూసినాడు.

అతని పేరు కమాల్ బాషా. ప్రొద్దుటూరులో వాళ్ల నాయన పెట్టిన పరుపుల అంగడి నడుపుతాడు. బూరుగుదూది పరుపులు, దిండ్లు. పులివెందుల వైపు ఆర్డర్లు ఎక్కువ. ఎప్పుడూ సరుకు ఆటోలో పంపేవాడు. ఆ సోమవారం ఆటో రాలేదు కాబట్టి బస్సెక్కినాడు. తర్వాతి సోమవారం ఆటో వచ్చింది. కమాలే దాన్ని ఎనక్కి పంపించేసినాడు.

ఆమె పేరు ఆఫ్రీన్. జమ్మలమడుగు డిపో. ఇరవై ఎనిమిదేండ్లు.

ఈ వివరాలు రాబట్టడానికి కమాల్‌కు మూడు సోమవారాలు పట్టింది. నాలుగో సోమవారం ముద్దనూరులో బస్సు ఆగితే రెండు టీలు పట్టుకొని వచ్చినాడు.

"నేను టీ తాగను," అనింది ఆఫ్రీన్.

"అలవాటు లేదా?"

"ఉండేది. మానేసినా."

"ఎందుకు? కడుపులో మంటా?"

"టీ పది రూపాయలు. ఇటికె తొమ్మిది."

కమాల్‌కు అర్థం కాలేదు. రెండు టీలూ తనే తాగి, నాలుక కాల్చుకొని, మళ్లా అడిగినాడు. "ఇటికెకూ టీకీ ఏం సంబంధం?"

ఆమె రైట్ రైట్ అనేసింది.

సమాధానం తిరుగు ప్రయాణంలో దొరికింది. మధ్యాహ్నం పులివెందులలో బయల్దేరే బస్సులో పెద్దగా జనం ఉండరు. చీనీ తోటలు దాటేలోపే ఆఫ్రీన్ టికెట్లు కొట్టేసి తన సీట్లో కూర్చుంటుంది. ఆ పక్క సీటు అప్పటికే కమాల్‌ది అయిపోయింది.

జమ్మలమడుగులో వాళ్ల నాయన కొనిపెట్టిన స్థలం ఉంది. అందులో చిన్న చిన్న పోర్షన్లు కడతాంది ఆఫ్రీన్. ఒక గది, వంటిల్లు, బాత్‌రూము. మూడు అయిపోయి బాడిగకు ఇచ్చింది. నాలుగోది పునాది దగ్గరుంది. ఐదోది కూడా అయిపోతే నెలకు వచ్చే బాడిగ తనకూ అమ్మకూ చాలు. ఆ రోజు రాజీనామా కాగితం డిపో మేనేజరు చేతిలో పెట్టేస్తుంది. ముప్పై రెండేండ్లు దాటకముందే.

"మరి మీరు ఏ పోర్షన్‌లో ఉంటాండారు?" అని అడిగినాడు కమాల్.

"దేంట్లోనూ లేము. వెనకాల రేకుల షెడ్డులో. మంచి ఇంట్లో మనముంటే బాడిగ ఎవరిస్తారు?"

"ఎండాకాలం రేకుల కిందనా?"

"చీరలు తడిపి కట్టుకుంటాం. బాగుంటాది."

ఆమె ఆ మాట ఎంత మామూలుగా అనిందంటే కమాల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గవర్నమెంటు ఉద్యోగం, అందరూ కాళ్లు పట్టుకుంటారు దీనికి. నువ్వేమో దిగిపోతానంటావు. దిగి ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను." ఆఫ్రీన్ కిటికీలోంచి బయటికి చూసింది. "పొద్దన్నే లేచి, ఈ రోజు ఎవురికీ జవాబు చెప్పే పన్లేదు అనుకుంటా గడప మీద కూకుంటా. ఆడ కూకొని ఏం చెయ్యాల్నో అప్పుడు ఆలోచిస్తా."

కమాల్ ఇంకా అడిగేవాడే. కానీ ఆమె గొంతు మారింది.

"మా నాయన అబ్దుల్ సత్తార్ ఇదే డిపోలో డ్రైవరు. ముప్పై ఒక్క ఏండ్లు. ప్రతి ఏడాదీ అమ్మతో చెప్పేవాడు, నాగూరు దర్గాకు పోదాం, ఆడనే సముద్రం, నీకు చూపిస్తా అని. లీవు మాత్రం పెట్టడు. వాడుకోని లీవులకు దుడ్లొస్తాయి గదా. రిటైర్ అయినాక పోదాం, రిటైర్ అయినాక పండుకుందాం, రిటైర్ అయినాక మోకాళ్లు చూపించుకుందాం. అన్నీ అయినాకే. ఇంక నాలుగు నెలలుందనంగా, డిపో రెస్ట్ రూములో పండుకున్నోడు మళ్ల లేయలేదు. ఆయన బదులు నాకు కండక్టరు ఉద్యోగం ఇచ్చినారు."

ఆమె టికెట్ మిషన్ ఒళ్లోకి సర్దుకునింది.

"అందుకే నేను ఆగను," అనింది ఆఫ్రీన్.

ఆ రోజు ఇంటికి పోయిన కమాల్ బాషా టీ మానేసినాడు.

టీతో ఆగలేదు. బైకు అమ్మేసినాడు. ఇంటి నుంచి అంగడికి నడక. సిగరెట్టు మొదట్నుంచీ లేదు, ఉంటే బాగుండేది, మానేయొచ్చుగదా అనుకున్నాడు. నడిస్తే చెప్పులు అరుగుతాయని పద్దెనిమిది వేలు పెట్టి గేర్ల సైకిలు కొన్నాడు. ఆ సంగతి వింటూనే ఆఫ్రీన్ బస్సులో అందరి ముందూ నెత్తి పట్టుకునింది.

"రెండు వేల ఇటికెలు తొక్కుకుంటా తిరుగుతాండావు నువ్వు!"

"మరి పొదుపంటే ఏంది?"

"ఉన్నదాంతో సరిపెట్టుకోవడం. కొత్తది కొనడం కాదు."

కమాల్ వాళ్లమ్మ షాహీదాబీకి మాత్రం భయం పట్టుకుంది. ఉన్నట్టుండి కొడుకు టీ మానేసి, నడిచి తిరిగి, పాత చొక్కాకు తనే గుండీలు కుట్టుకుంటా ఉంటే ఏ తల్లికైనా అనుమానం రాదా? "అప్పులేమన్నా చేసినావా నాయనా?" అని ఒకరోజు మెల్లగా అడిగింది.

"లేదుమా. దిగిపోవడం నేర్చుకుంటాండా."

"యాడ దిగాల?"

"అదే తెలియదు," అని నవ్వినాడు కమాల్.

వాన కూడా సోమవారమే వచ్చింది.

పులివెందుల నుంచి వచ్చేటప్పుడు ముద్దనూరుకు ఇవతల వంక పొంగి రోడ్డు మీదికెక్కింది. నారాయణ బస్సు ఆపేసినాడు. "నీళ్లు తగ్గేదాకా కదిలేది లేదు," అని సీట్లోనే కాళ్లు చాపుకున్నాడు. ఉన్న పదిమందీ దిగి రోడ్డు పక్కన బస్ షెల్టరు కింద నిలబడినారు. వాన ఒక పక్క నుంచి కొడితే అందరూ ఇంకో పక్కకు, ఆ పక్క నుంచి కొడితే ఈ పక్కకు. అట్లా జరిగి జరిగి చివరికి ఒక మూలలో ఆఫ్రీన్, ఆమె పక్కన కమాల్ మిగిలినారు. టికెట్ మిషన్ తడవకుండా ఆమె కొంగు కింద దాచుకోనుంది. ముక్కు చివర ఒక చినుకు నిలబడుకోనుంది. దాన్ని తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కమాల్ ఆ చినుకును చూస్తా ఉండిపోయినాడు. అది రాలిపోయినాక ధైర్యం చేసినాడు.

"ఆఫ్రీన్, ఒక మాట చెప్పాల."

"చిల్లర గురించా?"

"పెండ్లి గురించి."

"ఎవరిది?"

"మనది."

వాన చప్పుడులో వినపడలేదేమో అనుకున్నాడు. వినపడింది. ఆమె చెవుల దాకా ఎర్రబడింది. నీళ్ల వైపు చూస్తానే మాట్లాడింది.

"నువ్వంటే ఇష్టం లేక కాదు. అది నీకు తెలుసు."

"తెలియదు. ఇప్పుడే తెలిసింది."

"నవ్వులాట కాదు కమాల్. నాతో పాటు చేరింది దీప్తి. పెండ్లికి ముందు నాకంటే గట్టిది. అయిదేండ్లలో దిగిపోదాం అని ఇద్దరమూ అనుకున్నాం. పెండ్లయింది. ఇంటికి లోను, బండికి లోను, మరిది చదువు. ఇప్పుడు అరవై రెండుకు గానీ దిగలేనంటాంది. ఆమె మొగుడు చెడ్డోడేం కాదు. మంచోడే. అయినా అట్లనే అయింది."

"మనకు అట్లా కాకుండా చూసుకుందాం."

"మూడేండ్లు ఆగు. ఐదు పోర్షన్లూ నిలబడనీ. ఆ రోజు వచ్చి ఇదే మాట అడుగు."

"అప్పటిదాకా?"

ఆఫ్రీన్ మొదటిసారి అతని కళ్లలోకి చూసి నవ్వింది. "అప్పటిదాకా సోమవారం ఉంది గదా."

ఆ నవ్వుతో కమాల్ నాలుగు నెలలు బతికినాడు. మూడేండ్లు కూడా బతికేవాడే. కానీ ప్రేమలో ఉన్నవాడు ఊరికే కూర్చోలేడు. పొదుపు చేసిందంతా ఒకచోట పెట్టి చూసుకుంటే, దాన్ని ఏం చెయ్యాలో అతనికి ఒక్కటే తోచింది. జనవరిలో ఒక శుక్రవారం ఆఫ్రీన్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి, నాలుగో పోర్షన్ ముందర ట్రాక్టరు దించిపోయిన రెండు వేల ఇటికెలు ఎర్రగా పేర్చి ఉన్నాయి.

"ప్రొద్దుటూరు నుంచి ఎవరో కమాల్ అంట మ్మే, పంపించినాడు," అనింది వాళ్లమ్మ మెహబూబున్నీసా సంబరంగా. "మంచి కాలిన ఇటికె. మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు."

ఆఫ్రీన్ కొంగుతో మొహం కూడా తుడుచుకోలేదు. ఇటికెల ముందు అట్లనే నిలబడిపోయింది.

సోమవారం కమాల్ బస్సెక్కుతానే ఆమె ఒక కవరు చాపింది.

"పద్దెనిమిది వేలు. లెక్క చూసుకో."

"ఇదేంది ఆఫ్రీన్? నేను ప్రేమగా..."

"నిన్ను అడిగినానా?"

"అడగాల్నా? నీ కష్టం రొంతన్నా తగ్గుతాదని..."

"అడగకుండా ఉండడానికే గదా ఇదంతా!" గొంతు పెద్దదైంది. బస్సులో తలలు తిరిగినాయి. ఆమె గొంతు తగ్గించింది. "ఎవుర్నీ ఏమీ అడక్కుండా బతకాలనే గదా ఎండలో వానలో ఈ బస్సులో నిలబడేది. రేపు ఆ గోడ మీద చెయ్యి పెడితే ఇది నాది అనిపించాల. ఇందులో సగం కమాల్ ఇచ్చినాడు అనిపిస్తే నేనింక ఎవరి ఇంట్లో ఉన్నట్టు?"

"అంటే నేను పరాయోన్ని."

కాదు అని చెప్పాలి. ఆ మాట ఆఫ్రీన్ నోటి చివర్నే ఉంది. వెనక నుంచి ఎవరో "కండక్టరమ్మా, ఎర్రగుంట్లకు పోతాదా?" అని అరిచినారు. "పోదు," అని అటు తిరిగి చెప్పింది. ఇటు తిరిగేసరికి కమాల్ ముఖం మారిపోయింది.

"తీసుకోకపోతే ఇటికెలు ఎనక్కి పంపిస్తా," అనింది. ఆమె అనాలనుకున్న మాట అది కాదు.

కమాల్ కవరు తీసుకున్నాడు. పులివెందులకు కొన్న టికెట్టు జేబులో ఉండగానే ముద్దనూరులో లేచి నిలబడినాడు.

"మూడేండ్లు ఏంది, ముప్పై ఏండ్లు ఆగమన్నా ఆగేవాన్ని. కానీ నీ గోడలో ఒక ఇటికెకు కూడా పనికి రానప్పుడు, ఆగి నేనేం చెయ్యాల?"

దిగిపోయినాడు. బస్సు కదిలింది. నారాయణ అద్దంలో చూసి గేరు మార్చినాడు.

తర్వాతి వారం ఆఫ్రీన్ డిపోలో అడిగి తాడిపత్రి రూటుకు మారింది.

కమాల్ సోమవారం బస్సు మానలేదు. కండక్టరుగా దీప్తి వచ్చింది. మొదటి రోజే అతన్ని చూసి, "మీరేనా?" అనింది. ఆ తర్వాత టికెట్ కొట్టింది.

బస్సు జమ్మలమడుగు బస్టాండులో పది నిమిషాలు ఆగుతుంది. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే తాడిపత్రి బస్సు బయటికి పోతుంది. కమాల్ కిటికీ పక్కన కూర్చుంటాడు. ఖాకీ కోటు, భుజానికి సంచి, జడ కొసన నల్ల రబ్బరు బ్యాండు. ఫుట్‌బోర్డు మీద నిలబడి రైట్ రైట్ అనే నోరు కనపడుతుంది, మాట వినపడదు. అంతే. బస్సు మలుపు తిరుగుతుంది. వారమంతా బతికేది ఆ కొంచెం సేపటి కోసం. అది అయిపోయినాక వారం మళ్లీ మొదలవుతుంది.

ఆమె లోపల నిలబడి కూడా రైట్ చెప్పొచ్చు. మిగిలిన రోజుల్లో లోపల్నుంచే చెప్తుంది. సోమవారం మాత్రం ఎందుకు ఫుట్‌బోర్డు మీదికొస్తుందో కమాల్‌కు తెలియదు. పులివెందుల బస్సు కిటికీల్లో ఏడో కిటికీ దగ్గర ఆమె చూపు ఆగుతుందని, ఎండ పడి అద్దం మెరిస్తే ఆ రోజంతా ఆమెకు చిరాకుగా ఉంటుందని కూడా తెలియదు.

అతని ఫోన్ నంబరు ఆమె దగ్గరుంది. ఇటికెల బిల్లు మీద ఉంది. ఆ బిల్లు పారేయలేదు. ఫోనూ చేయలేదు.

కమాల్ పొదుపు చేస్తానే ఉన్నాడు. అలవాటైపోయింది. ఎండాకాలం పోయే నాటికి, అప్పు లేకుండా దూది ఏకే కొత్త మిషను కొన్నాడు. వాళ్ల నాయన కాలం నుంచీ ఆ అంగడిలో అప్పు లేకుండా కొన్న మొదటి వస్తువు అది. మిషను తిరుగుతా ఉంటే, నెత్తి నిండా దూది రాలుతా ఉంటే, ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషే కావాలనిపించింది. ఆ మనిషి ఆ పొద్దు తాడిపత్రి దారిలో ఎక్కడో టికెట్లు కొడతా ఉంటుంది.

ఆఫ్రీన్ డబుల్ డ్యూటీలు మొదలుపెట్టింది. సెలవు అనే మాట మర్చిపోయింది. నాలుగో పోర్షన్‌కు స్లాబు పడింది, ప్లాస్టరింగు అయింది, కడప బండలు పరిచినారు. అనుకున్నదానికంటే రెండు నెలలు ముందే. డిపోలో నారాయణ కనిపించినప్పుడు ఆ మాట గర్వంగా చెప్పింది. అతను బాగుందమ్మా అని తల ఊపి, పోబోయి ఆగినాడు.

"పాపా, ఆ పరుపులాయనకు పులివెందులలో సంబంధం కుదిరిందంట. బస్సులో ఎవరో అనుకుంటాంటే విన్నా."

"మంచిదే గదన్నా," అనింది ఆఫ్రీన్. ఆ రోజు ట్రిప్పులో ఒకాయనకు రెండుసార్లు చిల్లర ఇచ్చింది.

నాలుగో పోర్షన్‌కు సున్నం వేసిన సాయంత్రం మెహబూబున్నీసా గదులు కడిగి, సాంబ్రాణి పొగ వేసింది. తల్లీకూతుర్లు ఖాళీ గదిలో నిలబడినారు. మాట్లాడితే గది తిరిగి పలుకుతాంది.

"శానా బాగుంది మ్మే," అనింది తల్లి గోడను తడిమి. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు, "ఇప్పుడన్నా ఒకసారి నాగూరికి పోయొద్దామా?"

"ఐదోది కానీలేమా. అది అయినాక నువ్వు యాడికంటే ఆడికి పోదాం."

మెహబూబున్నీసా తల ఊపింది. చీపురు తీసుకొని వాకిట్లోకి పోతా, కోపం లేకుండా, ఏదో గుర్తొచ్చినట్టు అనింది. "మీ నాయన అచ్చం ఇట్లనే అనేవాడు. గొంతు కూడా ఇదే."

ఆఫ్రీన్ చేతిలో తాళంచెవి ఉంది. ఆమె కదల్లేదు.

నాయన చేసిన తప్పు చేయకూడదనే గదా ఈ ఏండ్లన్నీ నిలబడింది. ఆయన అరవైకి పెట్టుకున్న గడువును తను ముప్పై రెండుకు జరిపింది. జరిపింది అంతే. ఆ లోపల అన్నీ ఆయన మాదిరే వాయిదా వేసింది. అమ్మను వేసింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి చూసే ఆ ఏడో కిటికీని వేసింది. ఆయన రెస్ట్ రూములో పండుకునే ముందు కూడా ఇంకో నాలుగు నెలలే గదా అనుకునే ఉంటాడు.

మరుసటి రోజు పొద్దున ఆరు రోజులకు లీవు పెట్టింది. డిపో మేనేజరు కాగితం రెండుసార్లు చదివినాడు, పేరు సరిగ్గా ఉందో లేదో అని.

రెండు రైళ్లు మారి నాగూరు చేరినారు. దర్గాలో దువా చేసుకొని, మధ్యాహ్నం ఎండలోనే సముద్రం దగ్గరికి నడిచినారు. మెహబూబున్నీసా చెప్పులు చేత పట్టుకొని నీళ్లలోకి దిగింది. అల వచ్చి మోకాళ్ల దాకా తడిపితే చిన్నపిల్ల మాదిరి కేకేసి నవ్వింది. అమ్మ అట్లా నవ్వడం ఆఫ్రీన్ పుట్టినప్పటి నుంచీ చూడలేదు. చూస్తానే పక్కకు తిరిగింది, "చూడు" అని చెప్పడానికి. పక్కన ఇసుక తప్ప ఎవరూ లేరు. ఎవరికి చెప్పాలనుకుందో అప్పుడు ఆమెకు బాగా తెలిసింది. 

తల్లి తడిసిన చీరతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ ఇటికెల పిల్లోడు ఏమైనాడు?"

"సంబంధం కుదిరిందంటమా."

"ఎవరన్నారు?"

"నారాయణన్న."

"నువ్వు అడిగినావా ఆ పిల్లోన్ని?"

"నేనెందుకు అడగాల?"

మెహబూబున్నీసా కాళ్లకు అంటిన ఇసుక దులుపుకుంటా మెల్లగా చెప్పింది. "మీ నాయన ప్రతి ఏడాదీ చెప్పేవాడు. నేను తల ఊపేదాన్ని. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకున్నా. ఈ నీళ్లలో నిలబడినప్పటి నుంచీ అదే అనుకుంటాండా మ్మే. అడిగుంటే తీసుకొచ్చేవాడేమో."

ఆఫ్రీన్ తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

అమ్మను ఇంట్లో దించి, లీవులో ఇంకా ఒక రోజు మిగిలుండగానే ప్రొద్దుటూరులో దిగింది. అంగడి వెతుక్కుంటా పోయేసరికి పదకొండైంది. లోపల ఒక పెద్దామె కూర్చొని, ఎర్రటి పూల గుడ్డతో కొత్త పరుపులు కుడతాంది. రెండు పరుపులు, నాలుగు దిండ్లు. ఆమె ముక్కు, కండ్లు అచ్చం కమాల్‌వే.

"పెండ్లి పరుపులా?" అని అడిగింది ఆఫ్రీన్. 

"ఔ మ్మా. పై వారమే నికా." షాహీదాబీ తల ఎత్తింది. "నీకేం కావాల?"

"ఏమీ లేదు. ఆయనకు... క్షమించమని చెప్పండి. మంచిగా ఉండమని చెప్పండి."

వెనక్కి తిరిగింది. వాకిలికి అడ్డంగా దూది మూట ఒకటి నిలబడుకోనుంది. మూట కిందికి దిగింది. దాని వెనక కమాల్ బాషా, కనుబొమ్మల మీద కూడా దూదితో.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటా అట్లనే ఉండిపోయినారు. ఇంత దగ్గరగా చూసుకొని తొమ్మిది నెలలైంది.

"నేను పోతా," అనింది ఆఫ్రీన్. "నీ పెండ్లి పరుపులు చూసినా. బాగుండాయి."

"నా పెండ్లా? ఎవరు చెప్పినారు?"

"పులివెందుల సంబంధం..."

"ఏ సంబంధం?" షాహీదాబీ సూది పక్కన పెట్టింది. "ఇవి ఎర్రగుంట్ల గిరాకీవి మ్మా. మావానికి పులివెందులది తెచ్చినా, చెన్నూరుది తెచ్చినా, ఇంకోటీ తెచ్చినా. మూడిటికీ ఒకటే మాట, ఇంకా టైముంది అంటాడు. దేనికి టైముందిరా అంటే చెప్పడు." ఆమె చూపు ఆఫ్రీన్ ఖాళీ చెవులు, కుట్టేసిన చెప్పులు, ఏడ్చి వాచిన కండ్లు అన్నిటి మీదా తిరిగింది. "ఇంతకూ నువ్వెవరు మ్మా?"

"కండక్టరు," అన్నాడు కమాల్.

షాహీదాబీ కొడుకును చూసింది. ఏడాదిగా తనకు అర్థం కాని టీ, సైకిలు, గుండీలు అన్నీ ఒక్కసారి అర్థమైనట్టుంది. మళ్లీ సూది తీసుకొని తల వంచుకుంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"కమాల్." ఆఫ్రీన్ చేతులు కట్టుకుంది, విప్పింది, మళ్లీ కట్టుకుంది. "నేను ఎవుర్నీ ఏదీ అడగలేదు ఇంతవరకు. అడగడం నాకు రాదు. తప్పుగా అడిగితే ఏమనుకోవద్దు."

"అడుగు."

"ఆ రోజు నువ్వు పరాయోన్ని అంటే, కాదు అనాల. అనలేదు. అది మొదటిది. రెండోది... నాలుగో పోర్షన్ అయిపోయింది. బాడిగకు నలుగురు వచ్చి అడిగినారు. నేను ఎవురికీ ఇయ్యలేదు. అమ్మా నేనూ షెడ్డులోంచి అందులోకి మారతాం. ఒక గది, వంటిల్లు. ముగ్గురికి ఇరుకే." ఊపిరి తీసుకుంది. "నువ్వు వస్తావా?"

కమాల్ నోరు తెరవకముందే మాట వచ్చింది షాహీదాబీకి. "అంటే మావాడు ఇల్లరికమా?"

"ఇంట్లో నీ పెద్దకొడుకు, కోడలు ఉండారు గదుమా," అన్నాడు కమాల్ చూపు తిప్పకుండానే. "నేను రోజూ బస్సులో అంగడికొస్తా. ఇరవై కిలోమీటర్లే."

"పెండ్లి ఖర్చు మాత్రం పెద్దగా వద్దత్తా," అనింది ఆఫ్రీన్ ఇటు తిరిగి. అత్తా అన్నాక గానీ ఆ మాట నోట్లోంచి వచ్చిందని ఆమెకు తెలియలేదు. "మసీదులో నికా. ఇంట్లో రెండు దేక్సాల బిర్యానీ."

"రెండా! మా చుట్టాలు చెయ్యి కడుక్కోవడానికి కూడా చాలదు. ఆరు."

"మూడు."

"నాలుగు. అంతకు ఒక్క ముద్ద తగ్గినా నేను ఒప్పుకోను," అని షాహీదాబీ దారం కొరికింది. పెద్దామె కండ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. ఆ ఇంటి ఆశీర్వాదం అట్లా వచ్చింది.

కమాల్ దగ్గరికొచ్చినాడు. మెల్లగా అన్నాడు. "ఆ పోర్షన్ బాడిగ రాకపోతే ఐదోది లేటైతాది."

"ఏడాది."

"నేను ఇస్తానంటే నువ్వు తీసుకోవు."

"ఇంటి ఖర్చు సగం పెట్టు. గోడలు నేనే కట్టుకుంటా."

"సరే. కానీ ఏడాది, ఆఫ్రీన్. ఒక్కొక్క రోజూ ఏరుకున్నావు నువ్వు. బాధ లేదా?"

"ఉంది." ఆమె అబద్ధం చెప్పలేదు. "కానీ ఒక ఏడాది ముందే దిగిపోయి, ఆ గడప మీద ఒక్కదాన్నే కూకొని నేనేం చేసుకోవాల?"

అతని కనుబొమ్మ మీది దూదిని వేలితో తీసింది. ఆ వేలు వణుకుతాంది. ఈసారి నవ్వు ఆపుకోవడం వల్ల కాదు.

"ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు కమాల్.

"కిటికీలకు రంగులెయ్యాల. కరెంటు మీటరు రావాల. అవన్నీ అయినాక..." అంటూ ఆగిపోయింది ఆఫ్రీన్. తల అడ్డంగా ఊపింది.

"కాదు. పెండ్లి మాటలకు ఈ శుక్రవారమే రండి. నువ్వూ అత్తా ఇద్దరూ రండి. అమ్మతో చెప్పి వచ్చినా."